గుంతకొక గింజ

రోబోల పోటీలకు కొత్తగా జడ్జీలుగా వెళ్తున్న టీచర్లు ఇద్దరు ఈమధ్య ఫోన్ చేసి, సార్, మీ దగ్గరున్న రూల్ బుక్ పంపండి, ఊరి పేరు మార్చుకొని వాడుకుంటాం అన్నారు. పంపాను. పంపాక మనసు ఊరుకోలేదు. ఆ పుస్తకంలో ఒక్కో రూలు వెనక ఎవరో ఒక పిల్లకు మేం చేసిన అన్యాయం ఉంది. అది చెప్పకుండా రూలు ఒక్కటే చేతిలో పెడితే, మా తప్పులు వీళ్ళు మళ్ళీ మొదటినుంచి చేసుకొస్తారు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను చిక్కబళ్ళాపురం జిల్లాలో గవర్నమెంటు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరయ్యాను. సర్వీసు చివరి పన్నెండేళ్ళు కాలేజీ పనితో పాటు హైస్కూలు పిల్లల రోబో పోటీలు నా నెత్తిన పడ్డాయి. అందరూ మాకొద్దన్నారు కాబట్టి నాకిచ్చారు. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఫైళ్ళు ఎక్కడ ఆగాయి అన్నది ఇక్కడ రాయను. అవి అందరికీ ఒకేలా జరుగుతాయి.

నేను మంచి జడ్జినే. ఆ మాట ముందే చెప్పేస్తాను, లేని వినయం నటించడం నాకు చేతకాదు. కాకపోతే మంచి జడ్జిని ఎలా అయ్యానంటే, ముందు కొన్నాళ్ళు చెడ్డ జడ్జిగా ఉండి.

కిటికీ ఎటువైపు ఉంది

మొదట్లో మాకు తెలిసిన పోటీ ఒక్కటే. తెల్లటి ఫ్లెక్సు మీద నల్ల గీత, ఆ గీత వెంట రోబో నడవాలి. రోబో కింద ఉండే సెన్సర్ తెలుపును, నలుపును వెలుతురు తేడాతో గుర్తుపడుతుంది. ఎవరు తక్కువ సమయంలో చుట్టి వస్తే వాళ్ళు గెలిచినట్టు. చూడ్డానికి ఇంతకంటే న్యాయమైన పోటీ ఉండదు. గడియారానికి పక్షపాతం లేదు కదా అనుకునేవాణ్ణి.

చిక్కబళ్ళాపురంలో మేం వాడిన హాలుకు పడమటి వైపు నాలుగు పెద్ద కిటికీలుండేవి. పొద్దున పరిగెత్తిన రోబోలు గీత మీద చక్కగా పోయేవి. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ నేరుగా ఫ్లెక్సు మీద పడి, నల్ల గీత కూడా మెరిసేది. అప్పుడు వచ్చిన రోబోలన్నీ తాగినవాళ్ళలా పక్కలకు పోయేవి. ఆడలేక మద్దెల ఓడు అంటున్నారని మేం ఆ పిల్లల మాట కొట్టిపారేశాం. రెండేళ్ళు అలాగే జరిగింది.

మూడో ఏడు నంది కొండల దగ్గరి బడి నుంచి వచ్చిన పిల్లలు తమ వంతు రాగానే ఒక పెద్ద నల్ల గొడుగు తీశారు. ఒకమ్మాయి గొడుగు పట్టుకొని రోబో వెంట నడిచింది. రోబో దారి తప్పలేదు. హాలంతా నవ్వు. నా పక్క జడ్జి, బయటి సాయం తీసుకున్నారని వాళ్ళను పోటీ నుంచి తీసేశాడు. నేను సంతకం పెట్టాను. ఇంటికి వెళ్తుంటే బస్సులో తట్టింది, హాల్లో ఉన్నవాళ్ళలో లోపం ఎక్కడుందో కనిపెట్టినవాళ్ళు ఆ పిల్లలొక్కరే అని. పొద్దున పరిగెత్తినవాళ్ళలో ఎక్కువమంది పట్నం బళ్ళవాళ్ళు. మధ్యాహ్నం వంతు బస్సు మారి ఆలస్యంగా వచ్చే పల్లె బళ్ళకు. అంటే మా గడియారం నిజం చెబుతూనే ఉంది, మేమే వంతులు తప్పు పెట్టాం.

మీకు చెప్పేది ఇంతే. పోటీ జరిగే చోటుకు ముందు రోజు వెళ్ళి, పోటీ వేళకే అక్కడ నిలబడి చూడండి. కిటికీలకు బెడ్‌షీట్లు కట్టడానికి పది నిమిషాలు చాలు.

పెద్దసారు గడియారం

మా ప్రిన్సిపాల్ ఒకాయన ఉండేవాడు, పెద్దసారు అనేవాళ్ళం. మంచి మనిషి, ఆకలేసిన పిల్లలకు తన డబ్బాలోని చిత్రాన్నం పెట్టేవాడు. ఆయనకు ఒకటే భయం, ముఖ్య అతిథి లేచి వెళ్ళిపోతాడేమోనని. ఎమ్మెల్యే మనుషులు వాచీ చూసుకుంటే చాలు, ఈయన మా బల్ల దగ్గరికొచ్చి ముగిసిందా ముగిసిందా అనేవాడు. ఆ తొందరలో మేం రెండు పరుగులు ఇవ్వాల్సిన జట్లకు ఒక్క పరుగు ఇచ్చాం. పిల్లలతో మాట్లాడి, ఇది ఎలా చేశారు అని అడగాల్సిన చోట, రోబోకు అంటించిన రంగు లైట్లు చూసి మార్కులు వేశాం. పెళ్ళిలో వదినకు చీర పెట్టినట్టు, లైట్లకు పది మార్కులు ఉత్తపుణ్యానికి పోయేవి.

మాట్లాడిన కొద్దిసేపు కూడా కన్నడంలో, లేదంటే ఇంగ్లీషులో. బడి అంటే కన్నడం, మిషను అంటే ఇంగ్లీషు, ఇల్లంటే తెలుగు. మా వైపు అందరి నాలుకలూ ఇలాగే భాగాలు పంచుకున్నాయి. నేనూ చింతామణిలో తెలుగింట్లో పుట్టినవాణ్ణే. అయినా జడ్జి బల్ల వెనక కూర్చోగానే నాకు తెలుగు రాదు. ఎదురుగా ఉన్న పిల్లకూ నాకూ ఇంట్లో ఒకటే భాష అని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ పిల్ల తడబడుతూ కన్నడంలో చెప్పేది, నేను తడబాటుకు మార్కులు కోసేవాణ్ణి. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

పెద్దసారు దగ్గర నేను నేర్చుకున్న మంచి పని ఒకటుంది. స్కోరు షీటు పెన్సిలుతో రాయనిచ్చేవాడు కాదు. కొట్టేస్తే కొట్టేసినట్టు కనిపించాలి, పక్కన సంతకం ఉండాలి అనేవాడు. ఆ షీట్లన్నీ నేను ఏ ఏటికా ఏడు ఫైలు చేసి పెట్టుకున్నాను.

శెనక్కాయల పోటీ

గీత వెంట నడిచే పోటీతో విసుగు పుట్టింది. పిల్లలు ఇంటర్నెట్‌లో దొరికిన ప్రోగ్రాం ఎక్కించుకొని వచ్చేస్తున్నారు. మన నేలకు పనికొచ్చేది ఏదైనా అడుగుదామని నేనే పట్టుబట్టి కొత్త పోటీ ఒకటి కల్పించాను. బాగేపల్లి వైపు వేరుశనగ, మా మాటలో శెనక్కాయలు, ప్రతి ఇంట్లో ఉంటుంది. కాబట్టి విత్తనాలు వేసే రోబో చేయండి అన్నాం.

పొలం బదులు పెద్ద ప్లైవుడ్ పలక. దానికి వరసకు పది చొప్పున నాలుగు వరసల రంధ్రాలు, ఒక్కో రంధ్రంలో ఒక కాగితపు టీ కప్పు. నలభై కప్పులంటే నలభై గుంతలు. రోబో వరస వెంట నడుస్తూ కప్పుల్లో గింజలు వేయాలి. మూడు నిమిషాలు. కప్పులో పడ్డ ఒక్కో గింజకు ఒక్కో మార్కు. ఆ రూలు నేనే రాశాను, రాసి మురిసిపోయాను. సులభంగా ఉంది, లెక్క తేలిక, తగవుకు తావు లేదు.

మా నాయనది చింతామణిలో శెనక్కాయల మండీ. చిన్నప్పటి నుంచి నేను చూసిందల్లా కొలత. సేరు నిండిందా, పైన గోపురంలా వచ్చిందా అని. ఎక్కువ పడితే మంచిది, తక్కువ పడితే మోసం. శెనక్కాయ నా చేతికి ఎప్పుడూ గోనెసంచిలోంచే వచ్చింది, నాగలి సాల్లోంచి కాదు. సేద్యం చేసే ఇంట్లో పుట్టినవాడు కలలో కూడా అలాంటి రూలు రాయడు. నేను రాశాను. మిగతా ఇద్దరు జడ్జీలు చదివి బాగుందన్నారు, వాళ్ళవీ అంగడి ఇళ్ళే. తిలాపాపం తలా పిడికెడు.

ఆ ఏడు పాతపాళ్య వైపు గవర్నమెంటు హైస్కూలు నుంచి ముగ్గురు ఆడపిల్లల జట్టు వచ్చింది. నాయకురాలు గంగోత్రి, పదో తరగతి. మా పోటీ హైస్కూలు వాళ్ళకే కాబట్టి, వచ్చే ఏడు రామ్మా అనే మాట ఆ పిల్లకు చెల్లదు. ఇక్కడ గెలిస్తే బెంగళూరులో రాష్ట్ర పోటీ. ఓడితే ఇంతటితో సరి.

వాళ్ళ రోబో చూడ్డానికి ఏమీ లేదు. పాత పెయింటు డబ్బా మూతను గుండ్రంగా కోసి, అంచున ఒకే గింజ పట్టేంత గాట్లు పెట్టారు. మోటారు ఆ మూతను తిప్పుతుంది, గాటు ఒక గింజను పట్టుకొచ్చి గొట్టంలో జారవిడుస్తుంది. కప్పు వచ్చినప్పుడే మూత తిరిగేలా చక్రానికి ముడిపెట్టారు. మెల్లగా పోయింది. ఒక కప్పు, ఒక గింజ. మూడు నిమిషాలయ్యేసరికి ముప్పై మూడు కప్పులు దాటింది. ముప్పై ఒక్క కప్పుల్లో ఒక్కో గింజ ఉంది, రెండు ఖాళీ. ముప్పై ఒక్క మార్కులు.

తర్వాత వచ్చింది పట్నం జట్టు. వాళ్ళు రూలు బాగా చదువుకొని వచ్చారు. డబ్బా కింద తలుపు బార్లా తెరిచి, కప్పు మీద రోబోను నిలబెట్టి, నిండేదాకా పోశారు. పన్నెండు కప్పులే దాటారు. కానీ కప్పుకు ఇరవై చొప్పున రెండొందల నలభై గింజలు. చప్పట్లు మోగాయి. ఆ పిల్లలు తప్పేం చేయలేదు, రూలు అడిగిందే చేశారు. అది మీరు ఎప్పుడూ మర్చిపోకూడదు. పిల్లలు రూలును అడ్డంగా వాడుకుంటే తప్పు రూలు రాసినవాడిది.

గోనెసంచికి బొక్క

ప్రైజులు ఇచ్చేశాక గంగోత్రి తన సామాను అట్టపెట్టెలో సర్దుకుంటోంది. ఏడవలేదు. మూతను గుడ్డలో చుట్టి అన్నిటికంటే పైన పెట్టుకుంది. ఆమెతో వచ్చిన అవ్వ, పేరు నారాయణమ్మ, నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"ఏమప్పా అయ్యోరూ, మీ ఇంట్లో ఎవురూ సేద్యం చేయల్యా?" అనింది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"గుంతకి పిడికెడు పోసినోల్లకి ప్రైజు ఇచ్చినారే. అట్ల ఇత్తితే మొలిచేది యాడుండాది? మడక ఎనక సాల్లో నేను నలభై ఏండ్లు ఇత్తినా. బెత్తెడుకి ఒగ గింజ. రెండు పడితే మా అత్త చెయ్యి మీద కొట్టేది. మా పాప చేసిండేది ఇత్తనాలేసే మిషను. ఆ పిల్లోల్లు చేసిండేది గోనెసంచికి బొక్క."

ఆ ఒక్క మాటతో నా రూలు కూలిపోయింది. ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజమని ఆ క్షణమే నాకు తెలుసు. తర్వాత ఆలోచిస్తే తెలిసింది అని రాస్తే అబద్ధమవుతుంది.

చేయగలిగింది కూడా ఉంది. రాష్ట్ర పోటీకి మొదటి జట్టుతో పాటు, నిర్వాహకులు కావాలనుకుంటే ఇంకొక జట్టును ఉత్తరం రాసి సిఫార్సు చేయవచ్చు. గెలిచినవాళ్ళ ప్రైజు ముట్టుకోనక్కర్లేదు. మైకు తీసుకొని, మా రూలు తప్పుగా ఉంది, పాతపాళ్య జట్టు పేరు కూడా పంపుతున్నాం అంటే చాలు. కానీ అలా అంటే రూలు రాసిన నేను పదిమందిలో తెలివితక్కువవాణ్ణవుతాను. పెద్దసారు పక్కనే ఉన్నాడు, అతిథి ఇంకా కారెక్కలేదు.

తెలుగులో అడిగిన ఆ అవ్వకు నేను కన్నడంలో జవాబిచ్చాను. రూల్ బుక్ ఆఖరి వాక్యం చదివి వినిపించాను. తీర్పుగారర తీర్మానవే అంతిమ. న్యాయనిర్ణేతల నిర్ణయమే ఆఖరు అని. ఆ వాక్యం కూడా నేను రాసిందే. ఆమెకు కన్నడం బాగానే వచ్చు, మా వైపు రాకుండా ఎట్లుంటుంది. అయినా ఆమె తిరిగి వాదించక, "సరే బుద్దీ" అని వెళ్ళిపోయింది. అంతకుముందు నన్ను అప్పా అనింది. మండీకి వచ్చిన రైతులు పెద్ద అధికారులతో మాట్లాడేటప్పుడు బుద్ది అనడం విన్నాను. నన్ను అలా అనడం అదే మొదలు. నాకు సిగ్గేసింది. అయినా ఉత్తరం రాయలేదు.

మరుసటి ఏడు శెనక్కాయల పోటీ తీసేసి మళ్ళీ నల్ల గీత పెట్టాను. సామాను సమస్య అని కారణం రాశాను. ప్లైవుడ్ పలక మా ల్యాబ్ గోడకే ఆనించి ఉంది. ల్యాబ్ అటెండరు అశ్వత్థప్ప దాన్ని చూపించి, "ఏం సార్, పలకకి చెదలు పట్టిందా, మనకి పట్టిందా?" అన్నాడు.

పాతపాళ్యకు బస్సు

నా సర్వీసులో ఆఖరి పోటీకి బళ్ళవాళ్ళే శెనక్కాయల పోటీ మళ్ళీ పెట్టమని అడిగారు. ఈసారి తప్పించుకోలేకపోయాను. కొత్త రూలు రాశాను. ఎన్ని గింజలు అని కాదు, రోబో వెళ్ళిన కప్పుల్లో నూటికి ఎన్నింటిలో ఒకే గింజ పడింది అన్నదే లెక్క. చాలా తెలివిగా రాశాననిపించింది. మొదటిసారి కూడా అలాగే అనిపించిందన్న సంగతి గుర్తొచ్చి, కాగితం జేబులో పెట్టుకొని బాగేపల్లి మీదుగా పాతపాళ్య బస్సెక్కాను.

గంగోత్రి అప్పటికి బాగేపల్లిలో రెండో పీయూసీ, అంటే ఇంటర్ రెండో ఏడు చదువుతోంది, ఆదివారం కాబట్టి ఇంట్లోనే ఉంది. ముంగిట్లో నారాయణమ్మ విత్తనానికి కాయలు ఒలుస్తోంది. కూర్చోమని చాప వేశారు, కాఫీ ఇచ్చారు. పాత సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను కాగితం గంగోత్రి చేతికిచ్చి, దీంట్లో బొక్క ఎక్కడుందో చూడమ్మా, పని చేయకుండా ఎలా గెలవొచ్చో చెప్పు అన్నాను.

రెండుసార్లు చదివింది. కాఫీ ఇంకా సగం కూడా తాగలేదు నేను.

"సార్, నేను ఒగే కప్పుకి పోయి, ఒగ గింజ ఏసి నిలబెట్టేస్తా. నూటికి నూరు. మిగిలినోల్లంతా ఇంటికి పోవచ్చు."

నారాయణమ్మ ఒలవడం ఆపి నన్ను చూసింది. అది నవ్వేనని నా అనుమానం.

ఆ చాప మీదే ముగ్గురం కూర్చొని రూలు తిరగరాశాం. ఒకే గింజ ఉన్న కప్పుకు ఒక మార్కు. ఖాళీ కప్పుకు సున్న. రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఒక మార్కు కోత. కోత పెట్టమన్నది అవ్వే, విత్తనం దండగ చేస్తే ఊరికే వదలకూడదని. ప్రతి జట్టుకూ గింజలు లెక్కపెట్టి యాభై ఇవ్వాలి, అయ్యాక మిగిలినవి లెక్కపెట్టి తీసుకోవాలి. ఇది గంగోత్రి చెప్పింది, ఎవరూ జేబులోంచి గింజలు వేయకుండా. నేను రాసుకుంటూ పోయాను. పన్నెండేళ్ళ అనుభవంలో అంత మంచి రూల్ బుక్ ఎప్పుడూ తయారు కాలేదు, అందులో నా తెలివి పాలు పెన్ను పట్టుకోవడమే.

కాగితం ఆఖరికి వచ్చాక గంగోత్రి నన్ను సూటిగా అడిగింది.

"ఈ రూలు ఆ పొద్దు ఉండింటే మేము గెలిచి ఉంటిమా సార్?"

"గెలిచి ఉంటారమ్మా. మీకు ముప్పై ఒకటి. వాళ్ళకి పన్నెండు కోత. మీకు న్యాయం చేయాలంటే ఆ రోజు ఒక ఉత్తరం రాసుంటే చాలు. నాకు తెలుసు. రాయలేదు."

ఆ పిల్ల కాగితం చాప మీద పెట్టింది.

"తెలుసు అంటే, ఆ పొద్దే చెప్పింటే బాగుండు సార్. నా మిషనే సరిగా లేదని మేము రెండేండ్లు అనుకున్యాము."

ప్రైజు పోయిందని ఆ పిల్ల బాధపడి ఉంటుందనే నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. తను చేసిన మంచి పనిని తనే తప్పుగా చూసుకునేలా చేశానని అప్పుడు తెలిసింది. నా ఉద్యోగంలో నన్ను అంతగా కుంగదీసిన మాట ఇంకొకటి లేదు.

వచ్చే నెల పోటీకి లెక్కలు చూడటానికి వస్తావా అని అడిగాను. వస్తా గానీ, అని రూల్ బుక్ ఆఖరి వాక్యం మీద వేలు పెట్టింది. ఇది తీసేస్తేనే వస్తా అంది. అది తీసేస్తే ప్రతి తండ్రీ తగవుకొస్తాడని నేను వాదించాను. చివరికి ఇలా ఒప్పుకున్నాం. స్కోరు షీటు కప్పు కప్పుకూ రాసి గోడకు అంటించాలి. అరగంటసేపు ఎవరైనా వచ్చి ప్రశ్నించవచ్చు. తప్పు జడ్జిదైతే, ఫలితం ఏ మైకులో చెప్పాడో ఆ మైకులోనే, ఆ రోజే, ఆ జడ్జే చెప్పాలి. మీకు పంపిన రూల్ బుక్‌లో ఆఖరి వాక్యం ఎందుకలా ఉందో ఇప్పుడు తెలిసింది కదా.

మైకు

ఆఖరి పోటీ బాగేపల్లిలో జరిగింది. కిటికీలకు బెడ్‌షీట్లు, పిల్లలు తెలుగులో చెప్పినా కన్నడంలో చెప్పినా ఒకటే మార్కులు, లైట్లకు సున్న. అన్నీ సజావుగా సాగాయి. చేయి తిరిగిన వంటవాడిలా నేను అటూ ఇటూ తిరుగుతున్నాను. రిటైరయ్యే ముందు అంతా బాగా జరిగిందన్న సంతోషంలో, ఫలితాలు నేనే చదివాను, ప్రైజు కప్పు నా చేతుల మీదుగానే ఇచ్చాను. చింతామణి బడి మొదటి స్థానం, చిక్కబళ్ళాపురం దగ్గరి పల్లెబడి రెండో స్థానం. ఇద్దరికీ నాలుగు మార్కులే తేడా.

షీట్లు గోడకెక్కి పావుగంట కూడా కాలేదు. గంగోత్రి వచ్చి, రెండో జట్టు షీటు నా ముందు పెట్టింది.

"సార్, ఈ జట్టుకి యాభై గింజలు ఇచ్చిండాము. కప్పుల్లో ఉన్నివి, డబ్బాలో మిగిలినివి కలిపితే యాభై ఎనిమిది ఉండాయి. చివరి వరసలో ఎనిమిది కప్పుల్లో రెండేసి చూపించినారు. వాటికి కోత ఏసినారు."

ఆ ఎనిమిది ఎక్కడివో నాకు వెంటనే అర్థమైంది. అంతకుముందు జట్టు పరుగయ్యాక కప్పులు ఖాళీ చేసింది నేనే. మూడు వరసలు చేశాక ఎవరో పలకరిస్తే తిరిగి, నాలుగో వరస మర్చిపోయాను. ఆ వరసలో పాత గింజలు ఎనిమిది అలాగే ఉన్నాయి. ఈ పిల్లలు వేసిన ఒక్కో గింజ వాటి పక్కన పడి రెండయ్యాయి. ఎనిమిది మార్కులు రావాల్సిన చోట ఎనిమిది కోత పడింది. సరిచేస్తే వాళ్ళదే మొదటి స్థానం.

మా కొత్త ప్రిన్సిపాల్ విని, బిడి సార్, ముగీతు అన్నాడు. వదిలేయండి, అయిపోయింది కదా అని. ఆయన కూడా చెడ్డవాడు కాదు. బయట అతిథి కారు స్టార్టయ్యే ఉంది. ఈ ఉద్యోగంలో మీకు తప్పు చేయమని ఎవరూ చెప్పరు. అయిపోయింది కదా అని మాత్రమే చెప్తారు.

నేను మైకు దగ్గరికి వెళ్ళాను. ఎప్పుడూ కన్నడంలో మొదలుపెట్టే అలవాటు. ఆ రోజు తెలుగులో మొదలైంది, తర్వాత అదే కన్నడంలో చెప్పాను. కప్పులు ఖాళీ చేయడం మర్చిపోయింది నేను, తప్పు నాది, మొదటి స్థానం పల్లెబడిది అన్నాను. హాలు ఒక్కసారిగా గోలగోలైంది. చింతామణి టీచరు లేచి నిలబడ్డాడు. ఆయన జట్టులో ఒక పిల్లవాడు ప్రైజు కప్పును ఒళ్ళో పెట్టుకొని ఏడ్చాడు. వాడికి ఆ ఏడుపు తెచ్చింది కూడా నేనే, అది కూడా చెప్పాను. ఆ టీచరు ఇప్పటికీ నాతో మాట్లాడడు. మాట్లాడకపోయినా పర్వాలేదు, ఆయన కోపం న్యాయమే.

దిగబోయి ఆగాను. ఇంకొక మాట ఉంది అన్నాను. రెండేళ్ళ కింద ఇదే శెనక్కాయల పోటీలో నేను రాసిన రూలు తప్పు. ఆ రోజు సరైన మిషను చేసింది పాతపాళ్య ఆడపిల్లలు. వాళ్ళ పేరు బెంగళూరుకు పంపే అవకాశం నా చేతిలో ఉండింది. వాళ్ళ అవ్వ వచ్చి చెప్పినా నేను పంపలేదు. ఇది చెప్పడం ఆలస్యమైంది.

చప్పట్లేమీ పడలేదు. వెనక వరసల్లో ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు తలలూపారు, అంతే.

బల్ల దగ్గరికి వచ్చేసరికి గంగోత్రి కొత్త షీటు రాసి పెట్టింది. పాత అంకెలు కొట్టేసి, పక్కన సరైనవి. దాని కింద ఇంకొక కాగితం ఉంది. అంచులు పసుపెక్కిన రెండేళ్ళ కిందటి స్కోరు షీటు, ఆ రోజు నేను వెంట తెచ్చుకున్న పాత ఫైల్లోదే. నేను మైకు దగ్గర ఉండగా వెతికి తీసినట్టుంది. అందులో పాతపాళ్య జట్టు పేరు ఎదురుగా పాత మార్కులు అలాగే ఉంచి, పక్కన ఖాళీలో తన చేత్తో ఒక్క వాక్యం రాసింది. మిషను సరిగ్గా పనిచేసింది అని. తెలుగులో.

"రెండు దాంట్లోనూ సంతకం పెట్టండి సార్" అంది.

పెట్టాను.